గాంధీగారి టపా, మహదేవ్ దేశాయ్ పాతికేళ్ళు

నేను కొన్నేళ్ళు ఒక ప్రజాప్రతినిధి దగ్గర పీఏగా చేశాను. పేరు చెప్పను, పార్టీ చెప్పను, అడగొద్దు. పీఏ అంటే బయటివాళ్ళకి కనిపించేది ఫోను ఎత్తేవాడు, కారు ముందు సీట్లో కూర్చునేవాడు, తిరుమల దర్శనానికి లెటర్ ఇప్పించేవాడు. అసలు పని మాత్రం కాగితాలు. ఆస్పత్రి బిల్లు జతచేసి ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ, టీచరమ్మ బదిలీ, పొలం గట్టు తగాదా, రేషన్ కార్డులో పేరు తప్పు, శుభలేఖలు, సార్ మీద సీసపద్యాలు (నిజంగానే వస్తాయి, గణాలు కూడా సరిగ్గానే కుదురుతాయి), ఏ పనీ అడక్కుండా ఊరికే తన కష్టమంతా పేజీలకి పేజీలు రాసి పంపే పెద్దావిడ. వీటిలో ఏది సార్ కళ్ళపడాలి, ఏది నేనే చూసి పంపించెయ్యాలి, ఏది ఎవరూ చదవకుండా ఫైల్లోకి పోవాలి అన్నది రోజూ తేల్చేది పీఏనే. జీతం చిన్నదే గానీ ఆ అధికారం చిన్నది కాదు, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ ఉద్యోగం మానేశాక గాంధీ సెక్రటరీ మహదేవ్ దేశాయ్ డైరీలు చదవడం మొదలుపెట్టాను. గాంధీ గురించి తెలుసుకుందామని కాదు, నిజం చెప్పాలంటే. అంత టపా వచ్చే మనిషి దగ్గర పాతికేళ్ళు నిలబడినాయన ఆ పని ఎలా చేశారో చూద్దామని.

ఎంత టపా అంటే, గాంధీ రచనలన్నీ కలిపి ఇంగ్లీషులో 100 సంపుటాలు. 1958లో మొదటిది వచ్చింది, చివరిది 1994లో. వాటిలో పుస్తకాలుగా రాసినవి కొద్దిగానే ఉంటాయి, పేజీలు తిప్పుతూ పోతే ఉత్తరాలే ఉత్తరాలు. వైస్రాయికి ఒకటి, ఆ పక్కనే ఆశ్రమంలో ఎవరికో మలబద్ధకానికి ఏం తినాలో చెబుతూ ఒకటి, దాని కింద ఒక చిన్నపిల్లకి అక్షరాలు గుండ్రంగా రాయమని ఒకటి. తన చేతిరాత బాగుండదని ఆయనకి జీవితాంతం బాధే, ఆత్మకథలో ఆ సంగతి రాసుకున్నారు కూడా. కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో రాసేవారు. 1909లో ఓడలో వస్తూ హింద్ స్వరాజ్ రాసినప్పుడు అందులో కొన్ని పేజీలు అలా ఎడమచేత్తో రాసినవే. సోమవారం మౌనం కదా, ఆ రోజు మాటలకి పోయే సమయం కూడా ఉత్తరాలకే. తెల్లవారుజామున ప్రార్థన కాగానే మళ్ళీ ఉత్తరాలే.

మహదేవ్ కంటే ముందు ఈ పని చేసినావిడ ఒకరున్నారు, ఆమె గురించి మనవాళ్ళకి తెలిసింది తక్కువ. దక్షిణాఫ్రికాలో, జోహానెస్‌బర్గ్‌లో గాంధీ లాయరుగా ఉన్నప్పుడు టైపూ షార్ట్‌హ్యాండూ చేసిన సోన్యా ష్లెసిన్. పదిహేడేళ్ళ పిల్ల. తెచ్చి పెట్టిన గాంధీ మిత్రుడు కాలెన్‌బాక్ ముందే చెప్పాడట, తెలివైనది, నిజాయితీపరురాలు, కాకపోతే దుడుకు, బహుశా పొగరు కూడా, మీరు పడగలిగితేనే పెట్టుకోండి అని. గాంధీ పెట్టుకున్నారు. జీతం పెంచుతానంటే నేను జీతం కోసం ఇక్కడ లేను, మీ ఆదర్శాలు నచ్చి ఉన్నాను అని ఆయన్నే కోప్పడింది. సత్యాగ్రహం రోజుల్లో నాయకులంతా జైల్లో ఉంటే వేలాదిమంది వ్యవహారం, కుప్పలుగా వచ్చే ఉత్తరాలు, ఇండియన్ ఒపీనియన్ పత్రిక, అన్నీ ఆ అమ్మాయి ఒక్కతే నడిపిందని గాంధీయే ఆత్మకథలో రాశారు. సెక్రటరీ అంటే నోరు మూసుకుని చెప్పింది టైప్ చేసేవాళ్ళు అనుకునే పెద్దమనుషులు ఆ అధ్యాయం ఒకసారి చదవాలి. నేను పనిచేసిన చోట ఆ పుస్తకం అల్మారాలో ఉండేది, అద్దం తలుపు వెనక, తాళం వేసి.

1917 ఆగస్టు చివర్లో బొంబాయిలో గాంధీ మహదేవ్‌ని కూర్చోబెట్టుకుని, నాకు కావాల్సిన మనిషిని నీలో చూశాను అన్నారు. ఇలా ఇంతకుముందు ముగ్గురితోనే అన్నానని కూడా చెప్పారు: దక్షిణాఫ్రికా సహచరుడు పోలక్, మిస్ ష్లెసిన్, బంధువు మగన్‌లాల్. మహదేవ్‌కి అప్పటికి పాతికేళ్ళు. సూరత్ దగ్గర సరస్ అనే పల్లెలో 1892 జనవరి 1న పుట్టారు, లా చదివారు, ప్రాక్టీసు సాగక సహకార బ్యాంకులో ఇన్‌స్పెక్టరుగా ఊళ్ళు తిరుగుతున్నారు. ఆ నవంబరులో వచ్చి చేరిపోయారు. చేరిన రోజుల్లో మొదలైన డైరీ 1942 ఆగస్టు 14 దాకా నడిచింది.

ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉండేదని చూసినవాళ్ళంతా అంటారు. గుజరాతీ, ఇంగ్లీషు, హిందీ, మరాఠీ, బెంగాలీ వచ్చు. గాంధీ ఆత్మకథని గుజరాతీ నుంచి ఇంగ్లీషులో పెట్టింది ఆయనే, చివర్లో ఇంకో సెక్రటరీ ప్యారేలాల్ చేసిన కొన్ని అధ్యాయాలు తప్ప, మనం చదివే ఆ ఇంగ్లీషు మహదేవ్‌దే. నన్ను ఆపేసింది మాత్రం ఇవి కాదు, ఇంకొకటి. గాంధీ తరఫున తనే జవాబు రాస్తే కింద తన పేరే పెట్టేవారు. పత్రికలో తను రాసిన వ్యాసానికి తన పొడి అక్షరాలు పెట్టేవారు. డ్రాఫ్టు తనదై సంతకం గాంధీదైన ఉత్తరాలూ ఉన్నాయి, కాకపోతే అలాంటివాటిని గాంధీ చదివి దిద్దేవారు. అంటే ఉత్తరం అందుకున్నవాడికి తను ఎవరితో మాట్లాడుతున్నాడో తెలిసేది. ఇప్పుడు నాయకుల ఎక్స్ (పాత ట్విట్టర్) ఖాతాల్లో "నా మనసు కలచివేసింది" అని రాసేది ఎవరో, మనసు ఎవరిదో, మీకూ తెలుసు నాకూ తెలుసు. ఆ వాక్యాలు నేనూ రాశాను కదా, టెంప్లేట్ ఉంటుంది, ఊరి పేరు మారిస్తే చాలు.

సెక్రటరీ రాసిన జవాబు ఒక్కోసారి చరిత్రనే తిప్పుతుంది అనడానికి ఉదాహరణ గాంధీ వైపు లేదు, అవతలి వైపు ఉంది. 1930 మార్చి 2న వైస్రాయ్ ఇర్విన్‌కి గాంధీ పెద్ద ఉత్తరం రాశారు. "ప్రియ మిత్రమా" అని మొదలుపెట్టి, శిస్తు సంగతి, ఉప్పు పన్ను సంగతి, వైస్రాయి జీతానికీ మామూలు మనిషి రాబడికీ ఉన్న తేడా, అన్నీ లెక్కలతో చెప్పి, మీరు కదలకపోతే ఉప్పు చట్టం ఉల్లంఘిస్తాను అని చెప్పారు. దాన్ని టపాలో వెయ్యలేదు, రెజినాల్డ్ రేనాల్డ్స్ అనే ఇంగ్లీషు కుర్రాడి చేతికిచ్చి ఢిల్లీ పంపారు, తన గొడవ ఇంగ్లీషువాళ్ళతో కాదు అని చెప్పడానికి. జవాబు ఇర్విన్ నుంచి రాలేదు. ఆయన ప్రైవేట్ సెక్రటరీ కనింగ్‌హామ్ నుంచి వచ్చింది, నాలుగు ముక్కలు: చట్టాన్ని ఉల్లంఘించే, ప్రజాశాంతికి ప్రమాదం తెచ్చే పనికి మీరు దిగబోతున్నారని తెలిసి వైస్రాయ్ గారు విచారిస్తున్నారు. లెక్కలకి సమాధానం లేదు. మోకాళ్ళ మీద నిలబడి రొట్టె అడిగితే రాయి ఇచ్చారు అన్నారు గాంధీ. మార్చి 12న దండికి బయల్దేరారు.

ఆ కనింగ్‌హామ్ ఉత్తరం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆ రకం ఉత్తరం ఎలా తయారవుతుందో నాకు తెలుసు. అవతలివాడు చెప్పింది ఒక్కటీ ముట్టుకోకూడదు, మర్యాద తగ్గకూడదు, రేపు కోర్టులో చూపించినా మనకేం కాకూడదు. ప్రభుత్వ ఆఫీసుల్లో ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పేది ఇదే.

ఇక 1932 ఎరవాడ. మహదేవ్ డైరీల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. జనవరిలో గాంధీనీ వల్లభ్‌భాయ్ పటేల్‌నీ పట్టుకెళ్ళి ఎరవాడ జైల్లో పెట్టారు, మార్చిలో మహదేవ్‌ని కూడా అక్కడికే తెచ్చారు. రాజకీయాలు తప్ప మిగతా విషయాల మీద ఉత్తరాలకి అనుమతి ఉంది. అప్పుడు చూడాలి ఆ ముగ్గురి ఆఫీసు. గాంధీ చెబుతుంటే మహదేవ్ రాసేవారు, సర్దార్ పటేల్ పక్కన కూర్చుని చిత్తుకాగితాలు కత్తిరించి కవర్లు అంటించేవారు! బార్డోలీ సర్దార్, తర్వాతి రోజుల్లో మన హైదరాబాద్ సంస్థానాన్ని కలిపిన హోంమంత్రి, జైల్లో కవర్ల డిపార్ట్‌మెంట్. పనితోపాటు నోరు కూడా ఆడేది. గాంధీ ప్రతిదాంట్లోనూ వంటసోడా వేసుకుంటారు కదా, అందుకని ఏ చిక్కు సమస్య వచ్చినా పటేల్ సలహా ఒకటే, సోడా వెయ్యండి. ఎవరో ఒకాయన రాశాడు: ఇంత బరువైన ఒళ్ళేసుకుని నేల మీద నడుస్తుంటే చీమలు చచ్చిపోతున్నాయి, ఈ హింస తప్పించుకునేది ఎలా? పటేల్ వెంటనే, కాళ్ళు నెత్తిన పెట్టుకుని నడవమని రాయండి అన్నారు. గాంధీ మాత్రం అలాంటివాటికి కూడా ఓపిగ్గా జవాబులు చెప్పేవారు.

నాకు నచ్చింది ఏంటంటే, మహదేవ్ ఆ జోకుని కూడా రాసి పెట్టారు. వేరే సెక్రటరీ అయితే జవాబు నకలు ఫైల్లో పెట్టి ఊరుకునేవాడు. ఈయన ఉత్తరం వచ్చినప్పుడు గదిలో ఎవరు నవ్వారో, ఎవరు విసుక్కున్నారో, గాంధీ ఎక్కడ మాట మార్చుకున్నారో అన్నీ పట్టుకున్నారు. తను గాంధీతో ఎక్కడ వాదించారో అదీ ఉంటుంది. అంబేద్కర్‌తో కుదిరిన పూనా ఒప్పందం తర్వాత, ఆ ఏడాది నవంబరు నుంచి, అంటరానితనం గురించి ఎన్ని ఉత్తరాలైనా రాసుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. ఇక వరదే. సనాతనులు శాస్త్రాలు ఉటంకిస్తూ, హరిజన సంఘాలవాళ్ళు నిలదీస్తూ, ఉపవాసం వద్దని బతిమాలుతూ, చెయ్యమని రెచ్చగొడుతూ.

లండన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. 1931 రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళినప్పుడు బస కింగ్స్‌లీ హాల్ అయితే, ఆఫీసు 88 నైట్స్‌బ్రిడ్జ్. మహదేవ్, ప్యారేలాల్, గాంధీ కొడుకు దేవదాస్, శిష్యురాలు మీరాబెన్ ఉండేవారు. చార్లీ చాప్లిన్ కలవాలనుకుంటున్నాడు అంటే అతనెవరు అని అడిగారు గాంధీ! చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పాక సెప్టెంబరు 22న కలిశారు. ఏ పేరు ఎవరిదో చెప్పడం కూడా ఈ ఉద్యోగంలో పెద్ద భాగమే, మా సార్‌కి కవుల పేర్లు గుర్తుండేవి కావు, నాకేమో కాంట్రాక్టర్ల పేర్లు.

1936లో గాంధీ వార్ధా దగ్గర సేగావ్ అనే పల్లెకి మారారు. మహదేవ్ వార్ధాలోని మగన్‌వాడిలోనే ఉండేవారు. టపా వార్ధాకి వస్తుంది, గాంధీ సేగావ్‌లో. అంటే టపా తీసుకుని, విప్పి, చూసి, అయిదు మైళ్ళ దాకా నడిచి వెళ్ళి, చెప్పింది రాసుకుని, మళ్ళీ నడిచి రావాలి. విదర్భ ఎండలు ఎలా ఉంటాయో ఆదిలాబాద్ వైపు వాళ్ళని అడగండి, చెబుతారు. ఆయన ఆరోగ్యం అక్కడే దెబ్బతిందని దగ్గరివాళ్ళు రాశారు. ఇంకో తలనొప్పి, అదే ప్రాంతంలో శేగావ్ అని మరో ఊరు ఉంది, రైల్వే స్టేషన్ ఉన్న ఊరు, గజానన్ మహారాజ్ క్షేత్రం. గాంధీ ఉత్తరాలు అక్కడికి పోయేవి. చివరికి 1940లో ఊరి పేరే సేవాగ్రామ్ అని మార్చారు. సేవాభావంతో పెట్టిన పేరు అని బళ్ళో చెప్పారు గానీ టపా తప్పిపోకుండా ఉండటానికి కూడా అని ఎవరూ చెప్పలేదు.

1938 పూరీ గొడవ చెప్పకపోతే ఇదంతా భజనలా ఉంటుంది. ఒరిస్సాలో డేలాంగ్ దగ్గర సభలకి వెళ్ళినప్పుడు కస్తూర్బా, మహదేవ్ భార్య దుర్గాబెన్ పూరీ జగన్నాథ ఆలయంలోకి వెళ్ళి దర్శనం చేసుకున్నారు. హరిజనులకి ప్రవేశం లేని గుడి. గాంధీకి తెలిసి బీపీ పెరిగిపోయేంత కోపం వచ్చింది. ఆడవాళ్ళ కంటే మహదేవ్‌ని ఎక్కువ తప్పుపట్టారు, నువ్వు ముందే వాళ్ళకి వివరించి ఉండాల్సింది అని. మహదేవ్‌కి అది అన్యాయం అనిపించింది. నాకూ అన్యాయంగానే అనిపిస్తుంది, బా (కస్తూర్బా) ఒకటి అనుకున్నాక ఆపగలిగినవాళ్ళు ఎవరు, గాంధీ ఆపారా ఎప్పుడైనా? మహదేవ్ రాజీనామా ఉత్తరం రాసిచ్చారు. గాంధీ ఒప్పుకోలేదు. తర్వాత ఈ ఉదంతం మీద మహదేవ్ రాసినదాంట్లో ఒక ఇంగ్లీషు పద్యం ముక్క ఉంది, దాని సారం ఇది: స్వర్గంలో సాధువులతో కలిసి ఉండటం మహదానందం, భూమ్మీద ఒక సాధువుతో కలిసి ఉండటం మాత్రం వేరే కథ. ఇరవై ఏళ్ళు ఒక మనిషి ఉత్తరాలు విప్పి చదివినాయన, ఆ మనిషి నడిపించే పత్రికల మధ్యనే బతికినాయన, ఈ మాట కాగితం మీద పెట్టగలిగారు. పెట్టాక కూడా పనిలో ఉండగలిగారు. నేను చూసిన ఆఫీసుల్లో ఇందులో సగం మాట అన్నా మర్నాడు తాళంచెవులు అడిగేవారు.

ఎంత బాగా రాసినా ఉత్తరం చేరడం మన చేతిలో లేదు. 1939 జులై 23న గాంధీ హిట్లర్‌కి రాసిన చిన్న ఉత్తరం, 1940 డిసెంబరు 24న రాసిన పెద్ద ఉత్తరం, రెండూ బ్రిటిష్ ప్రభుత్వం దాటి పోలేదు. 1942 ఆగస్టు 9న గాంధీనీ మహదేవ్‌నీ అరెస్టు చేసి పూనాలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో పెట్టారు. ఆగస్టు 14 తేదీతో వైస్రాయి లిన్‌లిత్‌గోకి గాంధీ ఒక ఉత్తరం రాశారు. మర్నాడు ఉదయం మహదేవ్ గుండె ఆగిపోయింది, యాభై ఏళ్ళకి. ఒక్కసారి కళ్ళు తెరిచి నన్ను చూస్తే లేచి కూర్చుంటాడు అని గాంధీ పేరు పెట్టి పిలుస్తూ ఉండిపోయారు. ఆశ్రమానికి, మహదేవ్ భార్యకి, కొడుక్కి తెలియడం కోసం గాంధీ రాసిచ్చిన తంతిని కూడా ప్రభుత్వం తంతిగా వెంటనే పంపలేదు. జీవితమంతా ఇంకొకరి ఉత్తరాలు సమయానికి అందేలా చూసిన మనిషి చావు కబురు ఇంటికి ఆలస్యంగా చేరింది. దీని మీద గాంధీ ప్రభుత్వంతో ఉత్తరాలు నడిపారు, ఆ ఉత్తరాలు కూడా సంపుటాల్లో ఉన్నాయి, చదివితే తెలుస్తుంది, ఎంత అణుచుకుని రాశారో.

మన వైపు నుంచి సేవాగ్రామ్‌కి వెళ్ళిన ఉత్తరాల్లో నాకు బాగా గుర్తుండిపోయింది గోరాది. గోపరాజు రామచంద్రరావు, నాస్తికుడినని చెప్పుకున్నందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకుని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టుకున్నాయన. 1941 సెప్టెంబరులో గాంధీకి రాశారు, అంటరానితనం పోగొట్టడానికి నాస్తికత్వంతో మేం చేస్తున్న పని గురించి మీతో మాట్లాడాలి, రానా అని. జవాబు చిన్నది. నాస్తికత్వం అంటే తనని తాను కాదనుకోవడమే. దాన్ని ప్రచారం చేసి ఎవరూ గెలవలేదు. మీకు దక్కిన విజయం మీ చుట్టూ ఉన్న జనంలో మీరు నిజాయితీగా చేసిన పనివల్ల వచ్చింది. రమ్మనలేకపోతున్నందుకు విచారిస్తున్నాను, మాటలకి నాకు సమయం లేదు.

మొత్తం అంతే. కాదన్నారు, ఎందుకు కాదన్నారో చెప్పారు, అవతలి మనిషి పని విన్నానని చెప్పారు, ఆయన నమ్మకాన్ని మొహమాటం లేకుండా తోసిపుచ్చారు. కార్డు ముక్క మీద పట్టేంత జాగాలో. ఇంత టపా మధ్య అలాంటి జవాబుకి సమయం దొరికిందంటే, మిగతా బరువు పక్కన ఎవరో మోస్తున్నారన్నమాట. గోరా మాత్రం వదల్లేదు, 1944 చివర్లో సేవాగ్రామ్ వెళ్ళారు. దేవుడు లేని మనిషితో నేనేం మాట్లాడను అని గాంధీ నవ్వుతూ అడిగితే, బాపూజీ, నేను దేవుడు లేని మనిషిని కాదు, నాస్తికుణ్ణి అన్నారట ఈయన. అక్కడి నుంచి స్నేహం కుదిరింది. గోరా కూతురికీ ఒక హరిజన యువకుడికీ పెళ్ళి సేవాగ్రామ్‌లో తన సమక్షంలో చేయిస్తానని, మంత్రంలో దేవుడి పేరు తీసేసి సత్యం అని పెడదామని గాంధీ ఒప్పుకున్నారు. ఆ పెళ్ళి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది, అప్పటికి గాంధీ లేరు.